యూనివర్సిటీలో కార్డు పేమెంట్ల సెక్యూరిటీ ఎవరి బాధ్యత? పీసీఐ కంప్లయన్స్ స్టెప్ బై స్టెప్

ఏడాదికోసారి అక్వైరింగ్ బ్యాంక్ (మన తరఫున కార్డు పేమెంట్లు తీసుకుని డబ్బు జమ చేసే బ్యాంక్) నుంచి ఒక మెయిల్ వస్తుంది, మీ పీసీఐ (కార్డు పేమెంట్ల సెక్యూరిటీ రూల్స్) సెల్ఫ్ అసెస్‌మెంట్ గడువు దగ్గర పడింది పేపర్లు పంపండి అని. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో ఆ మెయిల్ ముందు ఫీజులు చూసే బర్సర్ ఆఫీసుకి వెళ్తుంది, వాళ్ళు ఇది సెక్యూరిటీ విషయం కదా అని ఐటీకి పంపుతారు, ఐటీ వాళ్ళు ఆ మెషీన్లు మేం కొనలేదు, డబ్బు మాది కాదు అని పార్కింగ్ ఆఫీసుకో టికెట్ కౌంటర్‌కో తోసేస్తారు, అక్కడున్న మేనేజర్‌కి పీసీఐ అంటే ఏంటో కూడా ఎవరూ చెప్పి ఉండరు. పదిమంది చేతిలో పడ్డ పాము చావదు అన్నట్టు అందరూ తలా కాస్త పట్టుకుంటారు, ఎవరూ పూర్తి చెయ్యరు. చివర్లో గడువు ముంచుకొచ్చాక ఎవరో ఒకరు అన్ని ప్రశ్నలకీ అవును అని టిక్కు పెట్టి సంతకం చేసేస్తారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది, ఎందుకంటే రేపు కార్డులు లీక్ అయితే ఇన్వెస్టిగేటర్ ముందు అడిగేది ఆ సంతకం చేసిన కాగితాన్నే.

యూనివర్సిటీల ఫైనాన్స్‌లో, ఐటీలో, ఆడిట్‌లో పనిచేసే మనవాళ్ళు ఇప్పుడు బోలెడుమంది ఉన్నారు, కౌంటర్ల దగ్గర పార్ట్ టైమ్ చేసే మన పిల్లలైతే ఇంకా ఎక్కువ. వాళ్ళందరికీ పనికొచ్చేలా మొదటి నుంచి రాస్తున్నా. నేను చెప్పేది ముఖ్యంగా ఒక్కటే: కార్డు తీసుకునే ప్రతి చోటికీ ఎదురుగా ఒక మనిషి పేరు రాసి ఉండాలి, ఆ పేర్లన్నిటి పైన ఫైనాన్స్ వైపు నుంచి ఒక పెద్ద అధికారి పేరు ఉండాలి. ఫైర్‌వాల్, స్కానింగ్, ట్రైనింగ్ అన్నీ దాని తర్వాతే.

ముందు కాస్త బ్యాక్‌గ్రౌండ్

పీసీఐ రూల్స్ పూర్తి పేరు పీసీఐ డీఎస్ఎస్, దాని మొదటి వెర్షన్ 2004 డిసెంబర్‌లో వచ్చింది. 2006లో వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డిస్కవర్, జేసీబీ కలిసి దీన్ని చూసుకోవడానికి ఒక కౌన్సిల్ పెట్టుకున్నాయి. మొత్తం 12 పెద్ద రిక్వైర్‌మెంట్లు. 2022 మార్చి 31న 4.0 వెర్షన్ వచ్చింది, పాత 3.2.1 సరిగ్గా రెండేళ్ళకి రిటైర్ అయింది, 2024 జూన్‌లో చిన్న సవరణలతో 4.0.1 వచ్చింది, తర్వాత చేసుకోవచ్చులే అని టైమ్ ఇచ్చిన రూల్స్ అన్నీ 2025 మార్చి 31 నుంచి తప్పనిసరి అయిపోయాయి. ఇంకా 3.2.1 నాటి పాలసీ డాక్యుమెంట్ పెట్టుకుని నడిపిస్తున్న యూనివర్సిటీ అయితే మొదట అది మార్చండి.

చాలామంది ఇది గవర్నమెంట్ చట్టం అనుకుంటారు. నెవాడా లాంటి ఒకట్రెండు రాష్ట్రాలు చట్టంలో పెట్టాయి కానీ మిగతా చోట్ల ఇది కాంట్రాక్ట్ విషయం. కార్డు కంపెనీలు బ్యాంక్‌ని పట్టుకుంటాయి, బ్యాంక్ మర్చంట్‌ని, అంటే కార్డు తీసుకునే సంస్థని, పట్టుకుంటుంది. ఫైన్ పడితే బ్యాంక్‌కి పడుతుంది, బ్యాంక్ మర్చంట్ అగ్రిమెంట్ తీసి అదే ఫైన్ మీ దగ్గర వసూలు చేస్తుంది. అందుకే బాధ్యత ఎవరిది అనే ప్రశ్నకి జవాబు ఐటీ సర్వర్లలో వెతక్కూడదు, అగ్రిమెంట్‌లో వెతకాలి.

1వ స్టెప్: మర్చంట్ అగ్రిమెంట్ బయటికి తీయండి

ట్రెజరీలోనో లీగల్ ఆఫీసులోనో ఉంటుంది, ఎప్పుడో సంతకం చేసినవాళ్ళు రిటైర్ అయ్యి కూడా ఉండొచ్చు. మర్చంట్ అని ఎవరి పేరు రాసి ఉందో చూడండి. చాలా వరకు అక్కడ ఉండేది డిపార్ట్‌మెంట్ పేరు కాదు, యూనివర్సిటీ లీగల్ పేరు. అంటే ఎక్కడో ఒక చిన్న మ్యూజియం గిఫ్ట్ షాపులో తప్పు జరిగినా బ్యాంక్ లెక్కలో తప్పు చేసింది మొత్తం యూనివర్సిటీయే.

ఇక్కడే కొన్ని ముళ్ళు ఉంటాయి. ఫౌండేషన్, అలుమ్నై అసోసియేషన్, కొన్ని చోట్ల అథ్లెటిక్స్ కూడా విడిగా రిజిస్టర్ అయిన సంస్థలు, వాటికి వేరే ట్యాక్స్ ఐడీ, వేరే అగ్రిమెంట్ ఉంటాయి. అవి కాగితం మీద వేరు, కానీ వాడేది యూనివర్సిటీ నెట్‌వర్క్, యూనివర్సిటీ కంప్యూటర్లు, యూనివర్సిటీ బిల్డింగే. అలాగే బుక్‌స్టోర్‌ని ఫాలెట్టో బార్న్స్ అండ్ నోబుల్ కాలేజో నడుపుతుంటే, ఫుడ్ కోర్టుని అరామార్కో సోడెక్సోనో నడుపుతుంటే మర్చంట్ వాళ్ళే, కంప్లయన్స్ వాళ్ళదే. కానీ వాళ్ళ కార్డు ట్రాఫిక్ మీ క్యాంపస్ నెట్‌వర్క్ మీదుగా పోతుంటే మీరు వాళ్ళకి సర్వీస్ ప్రొవైడర్ (వేరేవాళ్ళ కార్డు డేటా మోసే సంస్థ) అయిపోయే పరిస్థితి వస్తుంది, అది మర్చంట్ కంటే బరువైన బాధ్యత. దీన్ని తప్పించుకోవాలంటే వాళ్ళని సొంత ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టుకోమనండి, లేదా మెషీన్ దగ్గరే ఎన్‌క్రిప్ట్ అయ్యే సొల్యూషన్ వాడమనండి, ఏది ఎవరి బాధ్యతో కాంట్రాక్ట్‌లో రాయించండి.

బ్యాంక్‌ని రాతపూర్వకంగా రెండు అడగాలి. మా లెవెల్ ఏంటి, ప్రతి ఎంఐడీకి (కార్డు తీసుకునే ఒక్కో అకౌంట్‌కి ఇచ్చే మర్చంట్ నంబర్) విడిగా సెల్ఫ్ అసెస్‌మెంట్ ఫారం ఇవ్వాలా అన్నిటికీ కలిపి ఒకటా. వీసా లెక్కలో ఏడాదికి 60 లక్షల ట్రాన్సాక్షన్లు దాటితే లెవెల్ 1, అప్పుడు ఆడిట్ రిపోర్ట్ కావాలి, 10 లక్షల నుంచి 60 లక్షల దాకా లెవెల్ 2, మిగతావి 3, 4. కానీ ఒకసారి కార్డులు లీక్ అయితే చిన్న మర్చంట్‌ని కూడా లెవెల్ 1 కి ఎక్కించే అధికారం కార్డు కంపెనీలకి ఉంది.

2వ స్టెప్: కార్డు ఎక్కడెక్కడ తీసుకుంటున్నారో వెతకండి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే, దీనికే ఎక్కువ టైమ్ పెట్టండి. ఏ డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి మీరు కార్డులు తీసుకుంటారా అని అడిగినా మేం తీసుకోం అనే జవాబే వస్తుంది, అబద్ధం చెప్పాలని కాదు, సమ్మర్ క్యాంప్ రిజిస్ట్రేషన్ ఫారంలో పేమెంట్ బటన్ ఉండటాన్ని వాళ్ళు కార్డు తీసుకోవడం అనుకోరు. కాబట్టి అడగడంతో ఆగకండి, డబ్బు నడిచిన దారి పట్టుకోండి.

మొదట ప్రాసెసర్ (కార్డు ట్రాన్సాక్షన్లు నడిపించే కంపెనీ) నుంచి యూనివర్సిటీ ట్యాక్స్ ఐడీ మీద ఉన్న ఎంఐడీలన్నిటి లిస్ట్ తెప్పించండి. అందులో ఏడాదిగా ఒక్క ట్రాన్సాక్షన్ కూడా లేనివి కనిపిస్తాయి, వెంటనే మూయించండి. స్టేట్‌మెంట్లలో పీసీఐ నాన్ కంప్లయన్స్ ఫీ అని నెలనెలా ఒక లైన్ పడుతోందేమో చూడండి, చిన్న మొత్తం కదా అని ఎవరూ పట్టించుకోకుండా ఏళ్ళ తరబడి కట్టేస్తుంటారు, ఆ లైన్ ఉందంటే ఆ ఎంఐడీకి ఫారం ఎవరూ పంపట్లేదని అర్థం.

తర్వాత యూనివర్సిటీ బ్యాంక్ అకౌంట్ డిపాజిట్లలో స్ట్రైప్, స్క్వేర్, పేపాల్ పేర్లతో వచ్చినవి తీయండి. ప్రాసెసర్ లిస్ట్‌లో లేనివి ఇక్కడ దొరుకుతాయి. డిపార్ట్‌మెంట్ పర్చేజింగ్ కార్డుల మీద కార్డు రీడర్లు కొన్నారేమో చూడండి. యూనివర్సిటీ వెబ్‌సైట్ మొత్తంలో పే, రిజిస్టర్, డొనేట్ అనే మాటలు వెతకండి. ఎక్కడైనా ఫోన్ లైన్ మీద నడిచే పాత మెషీన్ ఉంటే టెలికాం వాళ్ళ అనలాగ్ లైన్ల లిస్ట్‌లో అది బయటపడుతుంది. ఇవన్నీ అయ్యాక కాన్ఫరెన్స్‌లు పెట్టే ప్రొఫెసర్ల దగ్గరికి, స్టూడెంట్ క్లబ్బుల దగ్గరికి వెళ్ళండి, వాళ్ళు సొంత పేరు మీద అకౌంట్ తెరిచి యూనివర్సిటీ ఈవెంట్‌కి డబ్బు తీసుకోవడం కూడా జరుగుతుంది, అది సెక్యూరిటీ కంటే ముందు అకౌంటింగ్ సమస్య.

కాగితాలు మర్చిపోవద్దు. నేను చూసిన ఒక డొనేషన్ కార్డు మీద పేరు, అడ్రస్, కార్డు నంబర్, ఎక్స్‌పైరీ, వాటి కింద చిన్న గడిలో సీవీవీ అని ప్రింట్ చేసి ఉంది, అలాంటి కార్డులు ఫైలింగ్ క్యాబినెట్‌లో సంవత్సరం ప్రకారం కట్టలు కట్టి పెట్టారు, చాలా పద్ధతిగా. పేమెంట్ ఆథరైజ్ అయ్యాక సీవీవీ ఏ రూపంలోనూ దాచకూడదు, కాగితమైనా, ఎక్సెల్ అయినా, కాల్ రికార్డింగ్ అయినా. మర్చంట్లకి దీనికి మినహాయింపు లేదు, కస్టమర్ సరే అన్నా కుదరదు. ఇలాంటివి దొరికితే క్రాస్ కట్ ష్రెడర్‌లో వెయ్యండి, కొత్త ఫారాలు ప్రింట్ చేయించి పాత స్టాక్ అంతా వెనక్కి తీసుకోండి.

ఇండియాలో 2022 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ రూల్ వచ్చి మర్చంట్లు కార్డు నంబర్ దాచుకోవడానికి వీల్లేదు, దాని బదులు వాడే టోకెన్ అనే కోడ్ మాత్రమే ఉంచుకోవాలి. అమెరికాలో అలాంటి నిషేధం లేదు, నంబర్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి దాచుకోవచ్చు అని స్టాండర్డ్ ఒప్పుకుంటుంది, అందుకే ఇక్కడ పాత డేటాబేసుల్లో నంబర్లు ఇంకా బయటపడుతుంటాయి. దాచుకోవాల్సిన అవసరం నిజంగా ఏ యూనివర్సిటీకీ లేదని నా గట్టి అభిప్రాయం.

ఈ లిస్ట్‌ని ఏడాదికోసారి మళ్ళీ సరిచూసి రాసి పెట్టాలి, పెద్ద మార్పు జరిగినప్పుడల్లా కూడా. స్టాండర్డ్‌లో 12.5.2 నంబర్ రూల్ అడిగేది అదే.

3వ స్టెప్: పైన ఒక ఓనర్‌ని పెట్టించండి

పీసీఐ ఐటీ ప్రాజెక్ట్ కాదు. ఐటీ చేతిలో పెడితే ఏమవుతుందంటే వాళ్ళు నెట్‌వర్క్ బాగుచేస్తారు కానీ డీన్ ఆఫీసు వాళ్ళు రూల్ పాటించకపోతే కార్డు తీసుకోవడం ఆపేయించే అధికారం వాళ్ళకి ఉండదు. ఎంఐడీ ఇచ్చేది ట్రెజరీ, ఆపగలిగేది ట్రెజరీ. కాబట్టి ఓనర్ సీఎఫ్‌ఓ గానీ ఫైనాన్స్ వైస్ ప్రెసిడెంట్ గానీ ఉండాలి, రోజువారీ పని చూడటానికి వాళ్ళ కింద ట్రెజరీలోనో బర్సర్ ఆఫీసులోనో ఒక పీసీఐ మేనేజర్ ఉండాలి. సీఐఎస్‌ఓ (ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ హెడ్) పక్కన సమానంగా కూర్చోవాలి, ఎందుకంటే ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ మొత్తానికి తెలిసిన ఒక ఎగ్జిక్యూటివ్‌ని బాధ్యుడిగా పెట్టమని 12.1.4 చెబుతుంది. వీళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోని చోట ఎంత మంచి పాలసీ ఉన్నా పని జరగదు.

కమిటీలో ఇంటర్నల్ ఆడిట్, లీగల్, పర్చేజింగ్, పెద్ద మర్చంట్లు నాలుగైదు ఉండాలి. ఇరవై మందిని పెట్టకండి.

4.0 వెర్షన్‌లో నాకు బాగా నచ్చిన మార్పు ఒకటుంది. దాదాపు ప్రతి రిక్వైర్‌మెంట్ మొదట్లోనే ఈ పనులు ఎవరివి అనేది రాసి, వాళ్ళకి అప్పగించి, వాళ్ళకి అర్థమయ్యేలా చెయ్యాలి అని పెట్టారు. దీన్ని పట్టుకుని ఒక స్ప్రెడ్‌షీట్ తయారుచెయ్యండి, నిలువుగా మీకు వర్తించే రిక్వైర్‌మెంట్లు, అడ్డంగా ట్రెజరీ, సెక్యూరిటీ, నెట్‌వర్క్, వెబ్ టీమ్, డిపార్ట్‌మెంట్, వెండర్. ప్రతి గడిలో చేసేది ఎవరు, జవాబుదారీ ఎవరు అనేది రాయండి. ఒక వరసలో జవాబుదారీ ఇద్దరు ఉంటే అక్కడ ఎవరూ లేనట్టే లెక్క, కూర్చోబెట్టి ఒకరిని తేల్చండి. టీమ్ పేరు రాసి వదిలెయ్యకండి, పదవి రాయండి, పక్కన ఇప్పుడు ఆ పదవిలో ఉన్న మనిషి పేరు రాయండి.

పాలసీలో రెండు వాక్యాలు కచ్చితంగా ఉండాలి. ట్రెజరీ అనుమతి లేకుండా ఏ డిపార్ట్‌మెంటూ ఏ పద్ధతిలోనూ కార్డు తీసుకోకూడదు అనేది ఒకటి. పాటించని ఎంఐడీని ట్రెజరీ ఆపెయ్యవచ్చు అనేది రెండోది. దాని మీద ప్రెసిడెంట్ స్థాయి ఆమోదం ఉండాలి, లేకపోతే మొదటిసారి ఒక పెద్ద డిపార్ట్‌మెంట్‌ని ఆపబోయినప్పుడే మీ మాట చెల్లదు.

ఖర్చు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. కన్సల్టెంట్, స్కానింగ్, ట్రైనింగ్ ఖర్చు సెంట్రల్‌గా పెట్టి, ప్రతి ఎంఐడీకి ఏడాదికి ఇంత అని డిపార్ట్‌మెంట్ నుంచి వసూలు చేస్తే అవసరం లేని ఎంఐడీలు వాళ్ళంతట వాళ్ళే మూసుకుంటారు.

4వ స్టెప్: ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఒక పేరు, ఒక బ్యాకప్

ప్రతి ఎంఐడీకి ఒక మర్చంట్ మేనేజర్. ఇది గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ కాకూడదు, పర్మనెంట్ స్టాఫ్ అయ్యుండాలి, బడ్జెట్ చేతిలో ఉన్న మనిషైతే ఇంకా మంచిది. వాళ్ళ పని ఏంటో ఒక్క పేజీలో రాసివ్వండి: మెషీన్ల లిస్ట్, ఎవరెవరు కార్డు ముట్టుకుంటారో ఆ లిస్ట్, ట్రైనింగ్ రికార్డు, ఏడాదికోసారి ఫారం, ఏ మార్పు చేసినా ముందు ట్రెజరీకి చెప్పడం. ఆ పేజీ మీద వాళ్ళూ వాళ్ళ పై అధికారీ ఇద్దరూ సంతకం చెయ్యాలి, పై అధికారి సంతకం లేకపోతే ఆ పని చేసేందుకు వాళ్ళకి టైమ్ దొరకదు. మనిషి ఉద్యోగం మారినప్పుడు హెచ్ఆర్ ఎగ్జిట్ చెక్‌లిస్ట్‌లో పీసీఐ బాధ్యత ఎవరికి అప్పగించారు అనే లైన్ పెట్టించండి.

5వ స్టెప్: స్కోప్ తగ్గించండి, తర్వాతే ఫారం పట్టుకోండి

కార్డు నంబర్ వెళ్ళే దారిలో ఉన్నవన్నీ, వాటికి తగులుతున్నవన్నీ స్కోప్‌లోకి వస్తాయి. యూనివర్సిటీ నెట్‌వర్క్ స్వభావమే అందరికీ తెరిచి ఉండటం, హాస్టల్ వైఫై నుంచి రిసెర్చ్ ల్యాబ్ దాకా, కాబట్టి దాన్నంతా గట్టిపరచడం కంటే నంబర్‌ని దాని మీదకి రానివ్వకుండా ఉంచడమే తెలివైన పని.

కౌంటర్ దగ్గరైతే కౌన్సిల్ లిస్ట్‌లో ఉన్న పీటూపీఈ (పాయింట్ టు పాయింట్ ఎన్‌క్రిప్షన్) సొల్యూషన్ వాడండి, కార్డు గీకిన క్షణమే మెషీన్ లోపల ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, మధ్యలో మీ దగ్గర తెరిచే తాళం ఉండదు. ఎన్‌క్రిప్షన్ ఉంది అని సేల్స్ వాళ్ళు చెబితే సరిపోదు, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ సొల్యూషన్ పేరు, ఆ మెషీన్ మోడల్ రెండూ ఉన్నాయేమో మీరే చూడండి. ఆన్‌లైన్ అయితే పేమెంట్ పేజీ మొత్తం ప్రొవైడర్ సైట్‌కి రీడైరెక్ట్ అవ్వాలి, టచ్‌నెట్, నెల్‌నెట్ లాంటి క్యాంపస్ పేమెంట్ కంపెనీలు ఇవన్నీ ఇస్తాయి.

ఫోన్ మీద కార్డు తీసుకోవడం పెద్ద తలనొప్పి. అలుమ్నైకి ఫోన్ చేసి డొనేషన్ అడిగే కాల్ సెంటర్లలో స్టూడెంట్లు హెడ్‌సెట్ పెట్టుకుని నంబర్ విని మామూలు కంప్యూటర్‌లో టైప్ చేస్తారు. ఆ ఫోన్లు వీఓఐపీ (ఇంటర్నెట్ మీద నడిచేవి) అయితే ఆ గొంతు వెళ్ళే నెట్‌వర్క్ కూడా స్కోప్‌లోకి వస్తుంది, కంప్యూటర్ వస్తుంది, రికార్డింగ్ ఆన్‌లో ఉంటే రికార్డింగ్ సర్వర్ వస్తుంది, అందులో సీవీవీ పడితే అది నేరుగా ఉల్లంఘన. బయటపడే దారి ఏంటంటే, దాత లైన్‌లో ఉండగానే పేమెంట్ లింక్ మెసేజ్ పంపి ఆయన్నే టైప్ చేసుకోమనడం. కాదు కూడదు అంటే పీటూపీఈ కీప్యాడ్ పెట్టి నంబర్ దాని మీదే కొట్టించండి, ఫోన్ లైన్ సంగతి మాత్రం అప్పటికీ విడిగా చూసుకోవాలి.

ఇప్పుడు ఫారం సంగతి. పూర్తిగా బయటికిచ్చేసిన ఆన్‌లైన్ పేమెంట్లకి ఎస్ఏక్యూ (సెల్ఫ్ అసెస్‌మెంట్ ఫారం) ఏ. ఫోన్ లైన్ మీద నడిచే విడి మెషీన్లకి బీ, ఇంటర్నెట్ మీద నడిచే విడి మెషీన్లకి బీ ఐపీ. పీటూపీఈకి దాని పేరుతోనే ఒకటి. విడిగా ఉంచిన కంప్యూటర్‌లో బ్రౌజర్‌లో ఒక్కొక్కటి టైప్ చేస్తే సీ వీటీ, ఇంటర్నెట్‌కి కలిసిన పేమెంట్ అప్లికేషన్ అయితే సీ, మీ వెబ్‌సైట్ పేమెంట్ మీద ప్రభావం చూపిస్తుంటే ఏ ఈపీ. మిగిలినవన్నీ, కార్డు డేటా దాచుకునేవాళ్ళతో సహా, డీ, అది చాలా పెద్దది. డిపార్ట్‌మెంట్లు చిన్న ఫారం చూసి అదే పట్టుకుంటాయి. ప్రతి ఫారం మొదట్లో అర్హత షరతులు ఉంటాయి, అందులో ఒక్కటి కుదరకపోయినా ఆ ఫారం మీది కాదు. ఏ ఫారం అనేది తేల్చాల్సింది పీసీఐ మేనేజర్, డిపార్ట్‌మెంట్ కాదు.

6వ స్టెప్: వెండర్ ఉన్నాడు కదా అని వదిలెయ్యకండి

మేం స్ట్రైప్ వాడతాం కాబట్టి మాకు పీసీఐ అక్కర్లేదు, మా వెండర్ అమెజాన్ క్లౌడ్‌లో ఉన్నాడు కాబట్టి కంప్లయంటే, ఈ రెండు మాటలూ తరచుగా వినపడతాయి, రెండూ తప్పే. పని బయటికి ఇవ్వచ్చు, బాధ్యత పూర్తిగా ఇవ్వలేం.

2019 ఏప్రిల్‌లో ఏం జరిగిందో చూడండి. క్యాంపస్ స్టోర్లకి ఆన్‌లైన్ షాపు నడిపే ప్రిజమ్‌వెబ్ అనే ప్లాట్‌ఫామ్‌లోకి దొంగలు దూరి, ఆ స్టోర్లన్నీ కలిపి వాడుకునే ఒక జావాస్క్రిప్ట్ లైబ్రరీలో తమ కోడ్ కలిపారు, చూడటానికి గూగుల్ అనలిటిక్స్ కోడ్ లాగే ఉండేట్టు. ట్రెండ్ మైక్రో రిసెర్చర్లు బయటపెట్టిన లెక్క ప్రకారం దెబ్బతిన్నవి 201 ఆన్‌లైన్ స్టోర్లు, అవి అమెరికాలో 176, కెనడాలో 21 కాలేజీలు, యూనివర్సిటీలవి. స్టూడెంట్ టీషర్టో పుస్తకమో కొంటూ పేమెంట్ పేజీలో టైప్ చేసిన కార్డు నంబర్, ఎక్స్‌పైరీ, సీవీవీ, పేరు, అడ్రస్ అన్నీ దొంగలకి వెళ్ళాయి. ఒక్క వెండర్ దగ్గర ఒక్క ఫైల్ మారితే అన్ని క్యాంపస్‌లు ఒకేసారి తగిలాయి. తల్లిదండ్రులు ఫోన్ చేసేది మాత్రం వెండర్‌కి కాదు, యూనివర్సిటీకే.

అందుకని ప్రతి వెండర్ దగ్గరా ఏడాదికోసారి ఏఓసీ (రూల్స్ పాటిస్తున్నాం అని సంతకం చేసిన ధ్రువపత్రం) తీసుకోవాలి, తీసుకుని ఫోల్డర్‌లో పడెయ్యకుండా చదవాలి. కంపెనీ పేరు మీ కాంట్రాక్ట్‌లో ఉన్న కంపెనీయేనా, తేదీ ఏడాది లోపలదేనా, మీరు కొన్న ప్రోడక్ట్ అందులో కవరైన సర్వీసుల్లో ఉందా లేక వాళ్ళ ఇంకో ప్రోడక్ట్ గురించా. ఈ మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. హోస్టింగ్ కంపెనీ ఏఓసీ ఇచ్చి ఇదే మాది అంటే ఒప్పుకోకండి, అది వాళ్ళ అద్దె ఇంటి ఓనర్ కాగితం, వాళ్ళది కాదు.

తర్వాత ఏ రిక్వైర్‌మెంట్ వెండర్ చూస్తాడు, ఏది మీరు చూస్తారు, ఏది ఇద్దరూ చూస్తారు అనే లిస్ట్ రాతలో ఉండాలి, 12.8.5 అడిగేది అదే. కాంట్రాక్ట్‌లో కార్డు డేటా భద్రతకి వెండర్ బాధ్యత ఒప్పుకునే మాట ఉండాలి. ఇవి సంతకానికి ముందు అడిగితే ఇస్తారు, సంతకం అయ్యాక అడిగితే నెలలు తిప్పుతారు, కాబట్టి పర్చేజింగ్‌లోనే గేటు పెట్టించండి, పేమెంట్ ఉన్న ఏ సాఫ్ట్‌వేరూ పీసీఐ మేనేజర్ ఓకే లేకుండా ముందుకి పోకూడదు.

ఎస్ఏక్యూ ఏ విషయంలో ఈమధ్య మారిన రెండు సంగతులు వెబ్ టీమ్‌కి గట్టిగా చెప్పండి. ఒకటి, రీడైరెక్ట్ మాత్రమే చేసే సైట్‌కి కూడా ఇప్పుడు మూడు నెలలకోసారి ఏఎస్‌వీ స్కాన్ (కౌన్సిల్ ఆమోదించిన కంపెనీ బయటి నుంచి చేసే సెక్యూరిటీ స్కాన్) కావాలి, డిపార్ట్‌మెంట్ సైట్ ఏదో పాత షేర్డ్ సర్వర్ మీద ఉంటే ఆ స్కాన్ ఫెయిల్ అవుతుంది, అప్పుడు బాగుచెయ్యాల్సింది ఎవరో ముందే రాసుకోవాలి. రెండోది, పేమెంట్ పేజీ స్క్రిప్టుల గురించిన 6.4.3, 11.6.1 రూల్స్‌ని 2025 జనవరిలో ఎస్ఏక్యూ ఏ నుంచి తీసేశారు. హమ్మయ్య అనుకోకండి, వాటి బదులు మీ సైట్ స్క్రిప్ట్ దాడులకి లొంగదని నిర్ధారించుకున్నాం అనే షరతు అర్హతలో పెట్టారు. ప్రొవైడర్ ఫారాన్ని మీ పేజీలోనే ఐఫ్రేమ్‌గా చూపిస్తుంటే ఇది మీకు వర్తిస్తుంది, పూర్తి రీడైరెక్ట్ అయితే వర్తించదు. అందుకే ఐఫ్రేమ్ కంటే రీడైరెక్టే మేలని నేను ఎక్కడికెళ్ళినా చెబుతున్నా, పేజీ కాస్త తక్కువ అందంగా ఉన్నా పర్లేదు.

7వ స్టెప్: మెషీన్లు, కౌంటర్ దగ్గర పిల్లలు

ప్రతి మెషీన్‌కీ మేక్, మోడల్, సీరియల్ నంబర్, ఎక్కడుంది అనేవి లిస్ట్‌లో ఉండాలి. ఎన్నాళ్ళకోసారి చెక్ చెయ్యాలో మీరే రిస్క్ లెక్కేసి రాసుకోమంటుంది ఇప్పటి వెర్షన్. జనం తిరిగే చోట రోజూ షిఫ్ట్ మొదట్లో చూడటమే మంచిది, రెండు నిమిషాల పని. మెషీన్ తిప్పి అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ లిస్ట్‌తో కలపండి. స్క్రూల మీది సీల్ చిరిగిందేమో చూడండి. కీప్యాడ్ అంచు గోరుతో పట్టి లాగండి, పైన దొంగ తొడుగు వేసి ఉంటే కదులుతుంది, లేదా పక్క మెషీన్ కంటే ఇది కాస్త లావుగా కనపడుతుంది. కార్డు పెట్టే సందులో ఫోన్ లైట్ వెయ్యండి. వెనక కేబుల్ నిన్న ఎక్కడికి వెళ్ళిందో ఇవాళా అక్కడికే వెళ్తోందా చూడండి. చూసి తేదీ వేసి ఇనీషియల్ పెట్టండి.

మన పిల్లలు ఎఫ్1 మీద వచ్చి సెమిస్టర్‌లో వారానికి 20 గంటలు క్యాంపస్ జాబ్ చేస్తుంటారు, డైనింగ్ హాల్, పార్కింగ్, జిమ్ కౌంటర్. ట్రైనింగ్ చేరగానే ఇవ్వాలి, తర్వాత కనీసం ఏడాదికోసారి. కానీ సెమిస్టర్ మధ్యలో చేరినవాళ్ళకి ఇవ్వడం మర్చిపోతారు, అందుకని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకు ట్రైనింగ్ ఇవ్వకుండానే మెషీన్ అప్పగిస్తే మీరే అడగండి, అడిగితే ఎవరూ తప్పు పట్టరు. మెషీన్ మార్చడానికి కంపెనీ నుంచి వచ్చాం అని ఎవరైనా వస్తే, యూనిఫామ్ ఉన్నా సరే, మేనేజర్ చెప్పేదాకా చెయ్యి వెయ్యనివ్వకండి. వాళ్ళిచ్చిన నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కోవడం కాదు, మన దగ్గరున్న నంబర్‌కి చెయ్యాలి.

ఇంకోటి, ఇది మన ఇళ్ళల్లోనే జరుగుతుంది. అప్లికేషన్ ఫీజు సైట్‌లో పోవట్లేదని ఊళ్ళో నుంచి నాన్నగారు కార్డు రెండువైపులా ఫోటో తీసి అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టేస్తారు. ఆఫీసులో ఉన్నవాళ్ళు జాలిపడి ఆ నంబర్‌తో ఫీజు కట్టెయ్యకూడదు. ఆ మెయిల్‌కి రిప్లై కొట్టకుండా కొత్త మెయిల్‌లో, మెయిల్ ద్వారా కార్డు వివరాలు తీసుకోలేం, ఇదిగో లింక్ అని మర్యాదగా రాయాలి, వచ్చిన మెయిల్‌ని డిలీట్ చేసి ట్రాష్ కూడా ఖాళీ చెయ్యాలి. ఇంట్లో పెద్దవాళ్ళకి మనం ముందే చెప్పి ఉంచితే ఆ అవసరమే రాదు.

8వ స్టెప్: సంతకం

ఏడాది క్యాలెండర్‌ని బ్యాంక్ గడువు నుంచి వెనక్కి లెక్కేసుకోండి, ఆగస్టులో మాత్రం పెట్టుకోకండి, క్లాసులు మొదలయ్యే హడావుడిలో ఎవరూ దొరకరు. ప్రతి అవునుకి వెనక ఒక ఆధారం ఉండాలి, స్క్రీన్‌షాట్, లాగ్, ట్రైనింగ్ లిస్ట్, ఏదైనా. డిపార్ట్‌మెంట్లు నింపినవి పీసీఐ మేనేజర్ చదవాలి, కొన్నిటికి మనిషిని పంపి చూసి రావాలి. చివర ఏఓసీ మీద ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ సంతకం ఉంటుంది, ఆయనకి ఇవ్వబోయేముందు ఒక పేజీలో ఏవి లేవో ఉన్నదున్నట్టు రాసివ్వండి. లేనిది లేదు అని పెట్టి, ఎప్పటికి చేస్తామో తేదీ వేసి పంపితే బ్యాంక్‌తో మాట్లాడుకోవచ్చు. లేనిది ఉంది అని పెడితే తర్వాత మాట్లాడటానికి ఏమీ మిగలదు.

9వ స్టెప్: లీక్ అయిందని అనుమానం వస్తే

ప్లాన్ ముందే రాసి ఉండాలి, ఏడాదికోసారి కూర్చుని ఒకసారి రిహార్సల్ చెయ్యాలి. కౌంటర్ దగ్గర ఉన్నవాళ్ళు చెయ్యాల్సింది తక్కువే: ఆ మెషీన్ వాడటం ఆపండి, నెట్‌వర్క్ కేబుల్ తీసెయ్యండి, పవర్ ఆఫ్ చెయ్యకండి, లాగిన్ అయ్యి ఏముందో చూద్దాం అని కెలకకండి, ఆధారాలు పోతాయి. వెంటనే మర్చంట్ మేనేజర్‌కి, సెక్యూరిటీ టీమ్‌కి ఫోన్. అక్కడి నుంచి ఎవరు ఎవరికి చెప్పాలో వరస ఉండాలి: సెక్యూరిటీ టీమ్ ట్రెజరీకి, ట్రెజరీ బ్యాంక్‌కి, లీగల్ వాళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీకి, రాష్ట్ర చట్టం ప్రకారం ఎవరెవరికి నోటీస్ ఇవ్వాలో అదీ లీగలే చూడాలి. బ్యాంక్‌తో మాట్లాడేది ఒక్కరే ఉండాలి. కార్డు కంపెనీలు ఫోరెన్సిక్ ఇన్వెస్టిగేటర్‌ని పెట్టుకోమనవచ్చు, అది కౌన్సిల్ లిస్ట్‌లో ఉన్న కంపెనీయే కావాలి, మీకు రెగ్యులర్‌గా అసెస్‌మెంట్ చేసే కంపెనీని అందుకు వాడుకోవడానికి ఒప్పుకోరు, కాబట్టి ఎవరిని పిలవాలో ముందే రెండు పేర్లు అనుకుని ఉంచుకోండి.

ఆ ఫోన్ నంబర్లన్నీ, రాత్రి పూట పనిచేసేవి కూడా, కాగితం మీద ప్రింట్ చేసి ప్రతి మర్చంట్ మేనేజర్ డెస్క్ దగ్గర పెట్టించండి, లీక్ జరిగిన రోజు మెయిలూ షేర్డ్ డ్రైవూ తెరుచుకుంటాయన్న గ్యారంటీ లేదు.